ఆ రక్తంతో గ్రూపు చూడొచ్చా?

ఫిబ్రవరి రెండోవారం వచ్చిందంటే మా యూనివర్సిటీలో సైన్స్ డే హడావుడి మొదలవుతుంది. కమిటీలు, సబ్‌కమిటీలు, ఫ్లెక్సీలు, భోజనాల టోకెన్లు, ఏ స్కూలు పిల్లలు ఏ బస్సులో వస్తారో చార్టులు. నేను ఇక్కడ జంతుశాస్త్రం చెప్పడం మొదలుపెట్టి ఇరవై రెండేళ్ళు. ఈ ఇరవై రెండేళ్ళలో మహిళా అధ్యాపకులకు ఆ రోజు పడే పనులు పెద్దగా మారలేదు. వచ్చిన పిల్లల పేర్లు రిజిస్టర్లో రాయించడం, ముఖ్య అతిథికి పూలగుచ్ఛం ఇవ్వడం, ఆడపిల్లల్ని జాగ్రత్తగా బస్సెక్కించడం. ప్రయోగాల బల్ల వెనక నిలబడే పని మాత్రం అడిగి, అలిగి, కొట్లాడి తెచ్చుకోవాల్సిందే. నేను అలాగే తెచ్చుకున్నాను.

మా బిల్డింగు మెట్ల దగ్గర ప్రతి ఏడూ సి.వి. రామన్ నిలువెత్తు బొమ్మ పెడతారు. 1928 ఫిబ్రవరి 28న రామన్ ఎఫెక్ట్‌ను కనుగొన్నారు కాబట్టి ఆ తేదీ జాతీయ విజ్ఞాన దినం అయింది. 1987 నుంచి దేశమంతా జరుపుకుంటున్నాం. మంచిదే. కానీ ఆ బొమ్మ పక్కనుంచి వందలాది ఆడపిల్లలు బారులు తీరి లోపలికి వస్తుంటే నాకు ఎప్పుడూ కమలా సొహొనీ గుర్తుకొస్తుంది. అప్పటికామె కమలా భాగవత్. బొంబాయి యూనివర్సిటీలో బీఎస్సీ ఫస్టున పాసై, 1933లో బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో పరిశోధనకు దరఖాస్తు పెట్టుకుంది. డైరెక్టరు రామన్. ఆడది కాబట్టి సీటివ్వనన్నాడు. ఆమె ఊరుకోలేదు, సత్యాగ్రహం చేస్తానని కూర్చుంది. చివరికి షరతుల మీద చేర్చుకున్నారు. ఏడాది పాటు రెగ్యులర్ విద్యార్థినిగా పరిగణించరు, పని చూసి తర్వాత తేలుస్తారు, ఆమె ఉండడం వల్ల మగ పరిశోధకుల ఏకాగ్రత చెడకూడదు. ఆ షరతులన్నీ భరించి, 1939లో కేంబ్రిడ్జ్ నుంచి పీహెచ్‌డీ తెచ్చుకుంది. ఆమె ఫ్లెక్సీ ఒకటి పెడదామని నేనంటే "సందర్భం కాదేమో మేడమ్" అన్నారు. ఏది సందర్భమో ఎవరు నిర్ణయిస్తారన్నదే కదా ఎప్పుడూ వచ్చే పేచీ.

2024 ఫిబ్రవరి 28న కూడా ఎప్పటిలాగే బస్సులు వచ్చాయి. జిల్లా పరిషత్ హైస్కూళ్ళు, ఒక కస్తూర్బా విద్యాలయం, రెండు ప్రైవేటు స్కూళ్ళు. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు. చాలామందికి లోపలికెళ్ళి యూనివర్సిటీ చూడడం అదే మొదటిసారి. కెమిస్ట్రీ వాళ్ళు ద్రవ నైట్రోజన్ తెచ్చారు. మైనస్ 196 డిగ్రీల ఆ ద్రవంలో గులాబీ ముంచి తీసి బల్ల మీద కొడితే గాజులా పగులుతుంది. చప్పట్లు, ఈలలు. పిల్లలకు ఆ సంబరం ఉండాల్సిందే, నేను కాదనను. కానీ ఆ హాల్లోంచి బయటికి వచ్చే పిల్లల్ని "ఎందుకు పగిలింది?" అని అడిగితే "మ్యాజిక్ మేడమ్" అంటారు. మ్యాజిక్ చూపించి పంపడానికైతే ఇంత పెద్ద బిల్డింగూ ఇన్ని జీతాలూ అక్కర్లేదు, జాతరలో ఇంద్రజాలం వాడు చాలు.

మా వరండాలో ఐదు మైక్రోస్కోపులు పెట్టాం. ఉల్లిపొర, చెంప లోపలి కణాలు, ఈగ రెక్క. అక్కడ గంటసేపు నిలబడి చూస్తే ఏ జెండర్ సిద్ధాంతమూ చదవక్కర్లేదు. మగపిల్లాడు వస్తాడు, రాగానే చెయ్యి నేరుగా మరమీదికి పోతుంది, గిర్రున తిప్పుతాడు. స్లైడు పగిలితే నవ్వుతాడు. ఆడపిల్ల వస్తుంది, చేతులు వెనక్కి కట్టుకుని వంగి చూస్తుంది, కనిపించకపోతే "కనబడ్తలేదు" అని కూడా అనదు, తలూపి పక్కకు జరుగుతుంది. పక్కకు జరిగి నోటుబుక్కులో బొమ్మ గీస్తుంది, పక్కవాళ్ళది చూసి. సాయంత్రం టీచర్లు నోటుబుక్కులు చూసి "మా ఆడపిల్లలు ఎంత నీటుగా గీశారో" అని మురిసిపోతారు. తనకు కనిపించనిదాన్ని అంత అందంగా గీయడం ఎన్నో తరగతిలో నేర్చుకుంటుందో ఆ పిల్ల! మేం చేసిందల్లా చిన్న ఏర్పాటు. ప్రతి మైక్రోస్కోపు దగ్గరా "ముందు మీరే ఫోకస్ పెట్టుకోండి, తర్వాత చూడండి" అని రాసి, మొదటి మరను మా వాళ్ళు కావాలనే చెదరగొట్టి ఉంచేవారు. చెయ్యి పెట్టకుండా ఏదీ కనిపించదు. వరుస మెల్లగా కదిలింది, కమిటీవాళ్ళు విసుక్కున్నారు. కానీ మర తిప్పి, ఒక్కసారిగా ఉల్లిపొర గదులు గదులుగా తేటపడ్డప్పుడు "అమ్మో" అన్న ఆడపిల్లల గొంతులు నాకు ద్రవ నైట్రోజన్ చప్పట్ల కన్నా నచ్చాయి.

ఇక నా బల్ల. రక్తం గ్రూపు చూసే బల్ల. పిల్లల వేలు గుచ్చాలంటే ఇళ్ళనుంచి అంగీకారపత్రం రావాలి. ఆ ఫారం ఆఫీసువాళ్ళు తయారుచేశారు. కింద ఒకటే గీత - "తండ్రి / సంరక్షకుడి సంతకం". వచ్చిన ఫారాలు తిరగేస్తే సగానికి పైగా ఆ గీత మీద అమ్మల సంతకాలే. కొన్ని వేలిముద్రలు. తండ్రి అన్న మాటను కొట్టెయ్యకుండా, దాని పక్కనే ఎక్కడో ఇరుకులో తమ పేరు రాసుకున్నారు.

చేసే పద్ధతి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. వేలికొస స్పిరిట్‌తో తుడిచి, లాన్సెట్‌తో గుచ్చి, గాజుస్లైడు మీద మూడు చుక్కల రక్తం. ఒకదానికి నీలంరంగు యాంటీ-ఎ, రెండోదానికి పసుపురంగు యాంటీ-బి, మూడోదానికి రంగులేని యాంటీ-డి. పుల్లతో కలిపి స్లైడును అటూ ఇటూ వంచితే, ఏ చుక్కలో రక్తం రేణువులు రేణువులుగా గుంపుకడుతుందో దాన్నిబట్టి గ్రూపు. ఈ ఎ, బి, ఓ తేడాలు కనిపెట్టిన లాండ్‌స్టైనర్‌కు నోబెల్ వచ్చింది 1930లో, రామన్‌కు వచ్చిన ఏడాదే. ఇది పిల్లలకు చెబితే సరదా పడతారు. యాంటీ-డి చుక్క గురించి ఆడపిల్లలకు ఇంకాస్త ఎక్కువ చెబుతాను. తల్లి నెగెటివ్, బిడ్డ పాజిటివ్ అయితే తర్వాతి కాన్పులకు ప్రమాదం ఎలా వస్తుందో, దాన్ని ఆపే ఇంజెక్షన్ 1960ల చివర్లో ఎలా వచ్చిందో.

పన్నెండు గంటల ప్రాంతంలో ఒక జిల్లా పరిషత్ స్కూలు జట్టు వచ్చింది. ఆడా మగా కలిసి పాతికమంది. వెంట ఒక సారు. లాన్సెట్ చూసి పిల్లలు వెనక్కి జరుగుతున్నారు. ముందు వరుసలో సన్నగా, రెండు జడలు పైకి మడిచి కట్టుకున్న అమ్మాయి, తొమ్మిదో తరగతి, నేను చెప్పిందంతా విని చాలా మామూలుగా అడిగింది.

"మేడమ్, మాకు నెలనెలా పోయే రక్తంతోని గ్రూపు చూడరాదా? మళ్ళ సూదెందుకు గుచ్చుడు?"

బల్ల చుట్టూ నిశ్శబ్దం. నా పక్కన సాయంగా ఉన్న రిసెర్చ్ స్కాలర్ స్పిరిట్ సీసా మూత బిగించడం మొదలుపెట్టాడు, అది అప్పటికే బిగించి ఉంది. వెనకనుంచి ఇద్దరు మగపిల్లలు కిసుక్కుమన్నారు. వెంట వచ్చిన సారు "ఏయ్, ఏం ప్రశ్నలవి? అటు పోదాం పదండి, టైమవుతోంది" అన్నాడు. ఆ అమ్మాయి మొహం చూశాను. తను ఏం తప్పు మాట్లాడిందో ఆమెకు అప్పటికింకా అర్థం కాలేదు. మరో రెండు క్షణాలుంటే అర్థమైపోతుంది, ఇక జన్మలో అలాంటి ప్రశ్న అడగదు. నేను చూస్తున్నది ఆ రెండు క్షణాలనే.

"సార్, ఈ రోజు ఈ బల్ల దగ్గర అడిగిన ప్రశ్నల్లో అసలైన ప్రశ్న ఇదే. జవాబు చెప్పాక వెళ్దురు" అన్నాను.

నిజంగానే అసలైన ప్రశ్న. పొద్దుట్నుంచీ అడిగినవన్నీ ఏం ప్రశ్నలు? "ఏ గ్రూపు మంచిది మేడమ్?" "దోమలకు ఏ గ్రూపంటే ఇష్టం?" ఈ పిల్ల అడిగిందాంట్లో తర్కం ఉంది. రక్తం ఒకటే అయితే గ్రూపూ ఒకటే కావాలి. ఎలాగూ పోయే రక్తం ఉండగా కొత్తగా గాయం చెయ్యడం దేనికి? పరిశోధకులు ఆలోచించాల్సిన పద్ధతి అదే. చెప్పాను - గ్రూపు మారదమ్మా, ఆ రక్తంలోని ఎర్రకణాల మీద కూడా నీ గ్రూపు గుర్తే ఉంటుంది. కానీ నెలసరిలో వచ్చేది ఒట్టి రక్తం కాదు. గర్భాశయం లోపలి పొర చిన్న చిన్న ముక్కలుగా, జిగురు, ఇతర స్రావాలు కలిసి వస్తాయి. మన స్లైడు మీద చూసేది గుంపుకట్టిందా లేదా అని. ముందే ముద్దగా ఉన్నది గుంపుకట్టినట్టే కనిపించి మోసం చేస్తుంది.

"కడిగితే?" అంది.

సెలైన్‌లో కలిపి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైది పారబోసి, మళ్ళీ సెలైన్ పోసి, ఎర్రకణాలను విడిగా చేసుకుంటే చూడొచ్చు. అదీ చెప్పాను. లోపల లాబ్‌లో ఉన్న సెంట్రిఫ్యూజ్ చూపించాను. నవ్విన మగపిల్లలు కూడా వచ్చి చూశారు. ఒకడు "పొర ముక్కలు ఎందుకు ఊడ్తయి మేడమ్" అని అడిగాడు. వాడు మరి నవ్వలేదు. పదో తరగతి జీవశాస్త్రంలో ప్రత్యుత్పత్తి పాఠం ఉంది. దాన్ని "ఇంటి దగ్గర చదువుకోండి" అని దాటేసే క్లాసులు ఎన్నో మనకు తెలుసు. మనం కూడా అలా దాటేసిన క్లాసుల్లో కూర్చున్నవాళ్ళమే. వీళ్ళకు ఆ పాఠం ఏడాది ముందుగా, వరండాలో నిలబడి జరిగింది.

అప్పుడు బల్ల మీదే ఒక లెక్క వేశాం. ఒక నెలసరిలో పోయే రక్తం సుమారు 30 నుంచి 40 మిల్లీలీటర్లు. 80 దాటితే ఎక్కువ పోతోందని లెక్క. ఒక మిల్లీలీటరు రక్తంలో ఇనుము దాదాపు అర మిల్లీగ్రాము. అంటే నెలకు 15, 20 మిల్లీగ్రాముల ఇనుము పోతుంది. తిండిలో ఉన్న ఇనుమంతా ఒంటికి పట్టదు, కొద్ది భాగమే పడుతుంది. "మరి మీకు ఎంత కావాలి?" అంటే ఆ అమ్మాయి వేళ్ళ మీద లెక్కేస్తూ "బువ్వ ఎక్కువ తినాలె" అంది. పక్కనున్న ఇంకో అమ్మాయి, "అమ్మ ఆఖర్ల తింటది" అంది. ఎవరూ ఏమీ అనలేదు. సారు గడియారం చూసుకోవడం మానేశాడు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ళ ఆడపిల్లల్లో 59.1 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే నా బల్ల ముందు నిలబడ్డ ఆడపిల్లలు ఇంకో ఏడాదికో రెండేళ్ళకో ప్రతి ఐదుగురిలో ముగ్గురు. వీళ్ళ రక్తం గ్రూపు తెలుసుకుని ఐడీ కార్డు మీద రాసుకోమని చెబుతున్నాం, ఎంత రక్తం ఉందో చెప్పడం లేదు. వీళ్ళకు బడిలో వారానికొకటి ఇచ్చే నీలం గోళీ తెలుసు. ఇనుము, ఫోలిక్ యాసిడ్ కలిసిన మాత్ర. "తింటే కడుపుల తిప్పుతది" అని కిటికీలోంచి పారేస్తారని పిల్లలే చెప్పారు. ఎందుకిస్తున్నారో ఎవరూ చెప్పని మందు కిటికీలోంచి పోక ఎక్కడికి పోతుంది?

ఆ నీలం గోళీలోని సగం కథ మాత్రం చెప్పాను, చెప్పకుండా ఉండలేకపోయాను. 1928లో - అవును, రామన్ ఎఫెక్ట్ ఏడాదే - లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరు బొంబాయి వచ్చింది. బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణులు తీవ్రమైన రక్తహీనతతో చచ్చిపోతుంటే, కారణం వెతకడానికి. వాళ్ళు ఏం తింటున్నారో, ఎలాంటి ఇళ్ళలో ఉంటున్నారో చూసింది. మనుషులు తినే చవకరకం ఈస్టు పదార్థం, మార్మైట్, పెడితే రక్తం పుంజుకుంటుందని 1931లో ప్రచురించింది. దాంట్లో ఉన్నదేమిటో అప్పటికి తెలియదు, చాలాకాలం విల్స్ ఫ్యాక్టర్ అనేవారు. తర్వాత తేలింది, అదే ఫోలిక్ యాసిడ్. ఆమె పనిలో కొంత కూనూరులో జరిగింది. అక్కడి న్యూట్రిషన్ రిసెర్చ్ లాబొరేటరీలో కొన్నేళ్ళ తర్వాత మన కమలా సొహొనీ కూడా పనిచేసింది. ఆ లాబొరేటరీయే 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది, ఇవాళ తార్నాక వెళ్ళే దారిలో మనం రోజూ బస్సులోంచి చూసే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ న్యూట్రిషన్. పేద ఆడకూలీల రక్తం ఒక శాస్త్రీయ ప్రశ్న అని ఒక ఆడమనిషికి తోచింది కాబట్టి ఆ మాత్ర వచ్చింది. ఇంతవరకు చెప్పేసరికి బస్సు టైమైపోయింది.

వాళ్ళు వెళ్ళాక ఆ రిసెర్చ్ స్కాలర్ కుర్రాడు, మంచివాడే, అన్నాడు: "మేడమ్, ఆ రక్తం మీద నిజంగా ఎవరైనా పరిశోధన చేశారా?" చేశారు. 2007లో నెలసరి రక్తంలో మూలకణాలున్నాయని రెండుమూడు బృందాలు చూపించాయి. చాలా రకాల కణాలుగా మార్చగలిగే, ఏ ఆపరేషనూ లేకుండా దొరికే కణాలు. అదొక పార్శ్వం. రెండో పార్శ్వం వింటే మీరు నమ్మరు. శానిటరీ ప్యాడ్లు, కప్పులు ఎంత పీల్చుకుంటాయో కంపెనీలు దశాబ్దాలుగా ఉప్పునీళ్ళు, నీళ్ళు పోసి కొలుస్తూ వచ్చాయి. రకరకాల ఉత్పత్తులను మనిషి రక్తంతో పోల్చి పరీక్షించిన అమెరికన్ అధ్యయనం 2023లో వచ్చింది. అదీ నెలసరి రక్తం కాదు, బ్లడ్ బ్యాంకులో గడువు దాటిన ఎర్రకణాలు. పెట్టె మీద రాసిన దానికీ నిజంగా పట్టేదానికీ పొంతన లేదని తేలింది. ఎక్కువ రక్తం పోతోందని ఆడవాళ్ళు డాక్టరుకు చెప్పేది "రోజుకు ఎన్ని ప్యాడ్లు" అన్న లెక్కలోనే కదా! ఆ కొలతే సరిగా లేదు. చంద్రుడి మీద మట్టి తెచ్చి పరీక్షించాక యాభై ఏళ్ళకు మనకు ఈ సంగతి తట్టింది. తొమ్మిదో తరగతి పిల్లకు బల్ల ముందు నిలబడ్డ ఐదు నిమిషాల్లో తట్టింది, మరి ఎందుకు తట్టిందంటారు? ఆ రక్తం ఆమెది కాబట్టి.

మార్చిలో సమీక్షా సమావేశం. వచ్చే ఏడాది నా బల్లను పెద్దది చేసి, హిమోగ్లోబిన్ పరీక్ష కలిపి, నెలసరి రక్తం గురించి ఒక చార్టు పెడతానన్నాను. వ్యతిరేకించలేదు. ఎవరూ ఎప్పుడూ వ్యతిరేకించరు. "సున్నితమైన విషయం" అన్నారు. "తల్లిదండ్రుల నుంచి కంప్లయింట్లు వస్తే?" అన్నారు. ఒక పెద్దాయన నాకు మేలు చేస్తున్నట్టుగా, "ఆడపిల్లలకు విడిగా ఒక గది ఇస్తాం, పర్సనల్ హైజీన్ అని పేరు పెట్టండి, లేడీ డాక్టర్ని పిలవండి" అన్నారు. ప్రమాదం అంతా ఆ మాటలోనే ఉంది. హైజీన్ అన్నామంటే అది మురికి అని ఒప్పుకున్నట్టే. విడిగా గది అన్నామంటే అది రహస్యం. అప్పుడది సైన్స్ డేలో భాగం కాదు, సైన్స్ డే జరుగుతుంటే పక్కగదిలో తలుపేసుకుని ఆడవాళ్ళు చెప్పుకునే మాట. ఫిజిక్స్‌లో ఉన్న నా స్నేహితురాలు, సమావేశాల్లో సాధారణంగా మాట్లాడదు, "కాంతి చెదరడం వరండాలో చూపిస్తాం, రక్తం చెదరడం గదిలోనా?" అంది. నవ్వారు. నవ్వించాక కొంత నెగ్గుకురావచ్చని ఆ రోజు తెలిసింది. నాలుగు సమావేశాల తర్వాత బల్ల వరండాలోనే ఉంది. చార్టు పేరు "రక్తం" అని మాత్రమే. అంగీకారపత్రంలో గీత పక్కన "తల్లి / తండ్రి" అని మారింది. ఈ రెండో మార్పుకు ఎవరూ అభ్యంతరం చెప్పలేదు, నిజానికి ఎవరూ గమనించలేదు.

మొదట ప్రశ్న వేసిన అమ్మాయి గురించి అడుగుతారని తెలుసు. ఆ బడి జీవశాస్త్రం టీచరుతో అప్పటినుంచి ఫోన్‌లో మాట్లాడుతూనే ఉన్నాను. పదో తరగతి పాసయింది. బైపీసీ చేరాలనుకుంది. ఆటోలో పోయిరావడం కుదరదని ఇంట్లో అంటే, దగ్గర్లో ఉన్న కాలేజీలో ఒకేషనల్ ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు తీసుకుంది. బైపీసీ అయితే బాగుండేదని టీచరు అంటుంది, నేనూ అనుకుంటాను. ఆ కోర్సులో సెంట్రిఫ్యూజ్ మాత్రం రోజూ తన చేత్తోనే తిప్పుతుందట.

2025 సైన్స్ డేకు బల్ల పక్కన అట్టపెట్టె ఒకటి పెట్టాం. నోటితో అడగలేనివాళ్ళు చీటీ రాసి వెయ్యొచ్చు. సాయంత్రం విప్పితే ఎన్ని రకాలు! రక్తం ఎర్రగానే ఎందుకు, పీతకు నీలం ఎందుకు, నీలం గోళీ పరగడుపున వేసుకోవాలా తిన్నాకా, మా అక్కకు పదిహేనేళ్ళయినా ఇంకా రాలేదు ఏం కాదా. చీటీల మీద పేర్లు వద్దన్నాం, తరగతీ స్కూలూ చాలు. ఒక చీటీని మాత్రం పక్కకు తీసి పెట్టుకున్నాను: "మా అమ్మకు ముప్పై రెండేండ్లకే గర్భసంచి తీసేసిన్రు. ఇప్పుడు నెలనెలా రక్తం పోదు కదా. అయినా రక్తం తక్కువుందని డాక్టరు అన్నడు. ఎట్ల?"

2015-16 సర్వేలో గర్భసంచి తీసేయించుకున్న స్త్రీలు దేశంలో అందరికన్నా ఎక్కువ ఆంధ్రప్రదేశ్‌లో, 8.9 శాతం, తర్వాత తెలంగాణలో, 7.7 శాతం. దేశం మొత్తం మీద 3.2. ఆ అంకెలు నాకు చాలాకాలంగా తెలుసు, వ్యాసాల్లో రాశాను కూడా. కానీ ఒక కూతురు ఇలా లెక్క సరిపోవడం లేదని అడగడం ఎప్పుడూ వినలేదు. రక్తం పోవడం ఆగినంత మాత్రాన పాత లోటు పూడదని, తిండిలో ఇనుము లేకపోతే, నులిపురుగులుంటే, అన్నంతో పాటే టీ తాగితే కూడా తగ్గుతుందని, అమ్మకు మళ్ళీ పరీక్ష చేయించమని, ఏ పరీక్షో పేరుతో సహా రెండు పేజీలు రాశాను. ఆ బడి టీచరుకు ఫోన్ చేసి, ఈ జవాబు ఆ అమ్మాయికి ఎలా చేర్చాలి, పేరు లేదు కదా అని అడిగాను. క్లాసు మొత్తానికి చదివి వినిపిస్తానంది.

"అబ్బాయిలు కూడా ఉంటారేమో?" అన్నాను.

"మాది ఒకటే గది కదా మేడమ్" అంది.